మేనల్లుడికి ఒకపక్క ఫుట్‌బాల్ ఆఫర్, ఇంకోపక్క బేస్‌బాల్ డ్రాఫ్ట్. ఏది పట్టుకోవాలి?

ఫ్రిస్కో_మామ
మా మేనల్లుడు ఇప్పుడు పదకొండో క్లాసు, డాలస్ పక్కనే స్కూలు. అమెరికన్ ఫుట్‌బాల్లో క్వార్టర్‌బ్యాక్ (ఎత్తుగడ నడిపి బంతి విసిరేవాడు), బేస్‌బాల్లో సెంటర్ ఫీల్డర్ (మైదానం మధ్యలో వెనక నిలబడేవాడు), అవసరమైతే పిచింగ్ (బ్యాటర్‌కి బంతి విసరడం) కూడా చేస్తాడు. ఒక పెద్ద యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ "రెండూ ఆడుకో, మాకేం అభ్యంతరం లేదు" అంటూనే వచ్చే జనవరికల్లా కాలేజీలో చేరిపొమ్మంటున్నాడు. మొన్న ప్రొఫెషనల్ బేస్‌బాల్ టీముకి కుర్రాళ్లని వెతికిపెట్టే స్కౌట్ ఒకాయన ఇంటికొచ్చి కాఫీ తాగి "మీ నంబరెంత?" అని అడిగాడు. మా బావ తన సెల్ నంబర్ రాసిచ్చాడు. ఇప్పుడు ఇంట్లో ముగ్గురిది మూడు దారులు. వాడికి రెండూ కావాలి, అక్కకి డిగ్రీ కావాలి, బావకి డబ్బు చేతికి రావాలి. విషయం తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బఠాణీచాట్
సెల్ నంబర్ 😂😂 ఆ స్కౌట్ రిపోర్టులో ఏం రాసుకున్నాడో!

డ్రాఫ్ట్_పిచ్చోడు
నవ్వులు తర్వాత. ముందు ఆ జనవరి సంగతి తేల్చండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

హైస్కూల్ పాసై ఇంకా కాలేజీలో చేరని కుర్రాడు బేస్‌బాల్ డ్రాఫ్ట్‌కి (ప్రొఫెషనల్ టీములు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునేది) అర్హుడు. నాలుగేళ్ల కాలేజీలో చేరాడా, ఆ తలుపు మూసుకుపోతుంది. మళ్లీ తెరుచుకునేది మూడో ఏడాది చదువు అయ్యాకో, 21 ఏళ్లు నిండాకో. డ్రాఫ్ట్ జరిగేది జులైలో. మీవాడు జనవరిలో కాలేజీ గేటు దాటితే ఆ జులై డ్రాఫ్ట్‌లో ఉండడు. పైగా హైస్కూల్ ఆఖరి బేస్‌బాల్ సీజన్ ఫిబ్రవరిలో మొదలవుతుంది, అదీ పోతుంది. స్కౌట్లు ఎక్కువగా చూసేది ఆ సీజన్‌నే.

అంటే కోచ్ "రెండూ ఆడుకో" అన్నది నిజమే కావచ్చు. కానీ జనవరి షరతుతో మీ చేతిలోని పెద్ద ముక్కని ముందే పడేయించేస్తున్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయన ఉద్యోగం అది.

గుంటూరు_ఘాటు
అసలు జనవరి ఎందుకు? ఆగస్టులో చేరితే కొంపలేం మునుగుతాయి?

కర్వ్‌బాల్_కృష్ణ
@గుంటూరు_ఘాటు స్ప్రింగ్ ప్రాక్టీసు. కాలేజీ ఫుట్‌బాల్లో వసంతంలో 15 సెషన్లు ఉంటాయి. కొత్త క్వార్టర్‌బ్యాక్ ప్లేబుక్ (జట్టు ఎత్తుగడల పుస్తకం) ఒంటబట్టించుకునేది అక్కడే. ఆగస్టులో వచ్చినవాడు అప్పటికే 15 సెషన్లు చేసినవాడి వెనక నిలబడాలి.

ఇంకో చిక్కు ఏంటంటే కాలేజీ బేస్‌బాల్ ఫిబ్రవరి మధ్యలో మొదలై 56 మ్యాచ్‌లు నడుస్తుంది. అంటే స్ప్రింగ్ ఫుట్‌బాల్, బేస్‌బాల్ ఒకేసారి. రిసీవరో డిఫెన్సివ్ బ్యాకో అయితే కొన్ని సెషన్లు ఎగ్గొట్టినా నడుస్తుంది, క్వార్టర్‌బ్యాక్‌కి నడవదు. "రెండూ ఆడుకో" అన్న కోచ్‌ని ఒక్కటే అడగండి: "ఏప్రిల్లో శనివారం స్ప్రింగ్ స్క్రిమేజ్ (ప్రాక్టీసు మ్యాచ్), అదేరోజు బేస్‌బాల్ సిరీస్. ఆరోజు వాడు ఎక్కడుంటాడు?" జవాబు చెప్పడానికి ఎంతసేపు తడుముకుంటాడో చూడండి, అదే మీకు జవాబు.

ప్లేనో_పద్మ
దీనికి తోడు రోస్టర్ (జట్టులో ఉండే ఆటగాళ్ల జాబితా) లెక్క. 2025 జూన్‌లో హౌస్ కేసు (కాలేజీ ఆటగాళ్లకి డబ్బు చెల్లింపు మీద నడిచిన దావా) సెటిల్‌మెంటు ఖరారయ్యాక పాత స్కాలర్‌షిప్ పరిమితులు పోయి రోస్టర్ పరిమితులొచ్చాయి. ఫుట్‌బాల్‌కి 105, బేస్‌బాల్‌కి 34. అంతకుముందు బేస్‌బాల్ జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్పులే, వాటినే ముక్కలు చేసి పంచేవారు. ఇప్పుడు అందరికీ పూర్తిగా ఇవ్వొచ్చు కానీ కుర్చీలు 34 మాత్రమే. ఫుట్‌బాల్ నుంచి సగం టైముకి వచ్చేవాడికి బేస్‌బాల్ కోచ్ కుర్చీ అట్టేపెడతాడా? ఫుట్‌బాల్ కోచ్ హామీ చాలదు. బేస్‌బాల్ కోచ్‌తో విడిగా మాట్లాడండి.

విశాఖ77
ఇదంతా ఎంసెట్ వెబ్ ఆప్షన్ల కంటే ఘోరంగా ఉందే. మాకు కనీసం ర్యాంకు తెలిసేది.

డ్రాఫ్ట్_పిచ్చోడు
@విశాఖ77 ఇక్కడ ర్యాంకు మనమే చెప్పాలి సార్, దాన్నే "నంబర్" అంటారు. @ఫ్రిస్కో_మామ మీ బావగారి కోసం ఇది కాస్త పొడుగ్గా రాస్తున్నా.

డ్రాఫ్ట్ 20 రౌండ్లు. మొదటి 10 రౌండ్లలో ప్రతి ఎంపికకీ లీగ్ ఒక ధర కడుతుంది, దాన్ని స్లాట్ అంటారు. ఒక టీముకున్న స్లాట్లన్నీ కూడితే వచ్చేది ఆ టీము బోనస్ పూల్. ఒకడికి స్లాట్ కంటే తక్కువిచ్చి మిగిల్చింది ఇంకొకడికి ఎక్కువగా ఇవ్వొచ్చు. పూల్ మొత్తం మీద 5% లోపు దాటితే దాటినదాని మీద 75% పన్ను. 5% మించితే మరుసటి ఏడాది మొదటి రౌండ్ ఎంపిక గోవిందా. అందుకని టీములు ఆ 5% గీత దగ్గరే ఆగిపోతాయి.

ఇక అసలు కిటుకు. మొదటి 10 రౌండ్లలో తీసుకున్నవాడు సంతకం పెట్టకపోతే ఆ స్లాట్ డబ్బు పూల్ నుంచి ఎగిరిపోతుంది. కాబట్టి టీము ముందే తెలుసుకోవాలి, ఈ అబ్బాయి ఎంతకి వస్తాడు, ఎంతకి రాడు అని. అదే స్కౌట్ అడిగిన నంబర్. ఫుట్‌బాల్ ఆఫర్ చేతిలో ఉన్నవాడి నంబర్ నమ్మదగ్గదిగా ఉంటుంది, "ఇవ్వకపోతే నిజంగానే వెళ్లిపోతాడు" అని వాళ్లకి తెలుసు. అంటే ఆ ఫుట్‌బాల్ ఆఫర్ ఫుట్‌బాల్ ఆడటానికే కాదు, బేరానికీ పనికొస్తుంది.

ఉదాహరణకి 2021లో పిట్స్‌బర్గ్ పైరేట్స్. మొదటి ఎంపిక హెన్రీ డేవిస్‌కి స్లాట్ 84 లక్షల డాలర్ల పైచిలుకు, 65 లక్షలకే ఒప్పించారు. మిగిలిందాంట్లోంచి మూడో రౌండ్లో 72వ ఎంపికగా తీసుకున్న బబ్బా చాండ్లర్‌కి 30 లక్షలిచ్చారు. అతను క్లెమ్సన్‌కి క్వార్టర్‌బ్యాక్‌గా వెళ్తానని మాటిచ్చిన కుర్రాడు. అదే డ్రాఫ్ట్‌లో 64వ ఎంపిక లానీ వైట్ జూనియర్, పెన్ స్టేట్ ఫుట్‌బాల్‌కి మాటిచ్చినవాడు, 15 లక్షలకి సంతకం చేశాడు. వీళ్లకి పలికింది రౌండ్ ధర కాదు, వాళ్లు చెప్పిన నంబర్.

బఠాణీచాట్
అయితే బావగారు ఇచ్చిన నంబర్ పది అంకెలు కదా. టీము పూల్ చాలదేమో.

గుంటూరు_ఘాటు
2021 కబుర్లు ఇప్పుడెందుకండీ. ఇప్పుడు కాలేజీలే జీతాలిస్తున్నాయి. 2025-26కి ఒక్కో స్కూలు ఆటగాళ్లకి 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచొచ్చు, బయటి ఎన్‌ఐఎల్ ఒప్పందాలు (ఆటగాడి పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఇచ్చే డబ్బు) దానికి అదనం. క్వార్టర్‌బ్యాక్ అంటే పెద్ద స్కూళ్లలో మూడో రౌండ్ బోనస్ కంటే ఎక్కువే వస్తుంది. చదువూ వస్తుంది. బస్సుల్లో తిరిగే మైనర్ లీగ్ (మేజర్స్ అనే పెద్ద లీగ్‌కి కింది మెట్టు) దేనికి?

కర్వ్‌బాల్_కృష్ణ
@గుంటూరు_ఘాటు సగం ఒప్పుకుంటా. ఆ 2.05 కోట్లలో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతుంది, చాలాచోట్ల ముప్పాతిక వంతు. కానీ అందులోనూ పెద్ద ముక్క మొదటి వరస క్వార్టర్‌బ్యాక్‌కి. మూడో వరసలో నిలబడే ఫ్రెష్‌మన్‌కి అంత రాదు. పైగా అది ఏడాదికో రెండేళ్లకో రాసుకునే ఒప్పందం. కోచ్ మారితే, పోర్టల్లోంచి (కాలేజీ మారే ఆటగాళ్ల జాబితా) ఇంకొకడు దిగితే లెక్క మొత్తం తిరగబడుతుంది. మధ్యలో స్కూల్ మారితే తిరిగి కట్టాలని బైఅవుట్ క్లాజు కూడా పెడుతున్నారు. బేస్‌బాల్ బోనస్ అలా కాదు. ఆట మీద మనసుండి ఆడుతున్నంతకాలం, మోకాలు విరిగినా అది మనదే.

గుంటూరు_ఘాటు
"మనసుండి ఆడుతున్నంతకాలం" 👈 అదీ పాయింటు. వదిలేస్తే వెనక్కివ్వాలి కదా?

డ్రాఫ్ట్_పిచ్చోడు
ఇవ్వాలి. కైలర్ మర్రీ కేసు చూడండి. 2018లో ఓక్లండ్ ఏస్ బేస్‌బాల్ టీము 9వ ఎంపికగా తీసుకుని 46.6 లక్షల డాలర్ల బోనస్‌కి సంతకం చేయించింది, ఆ ఒక్క ఫుట్‌బాల్ సీజన్ ఓక్లహోమాకి ఆడుకోవడానికి ఒప్పుకుంది. ఆ సీజన్లో అతను హైస్మన్ (కాలేజీ ఫుట్‌బాల్లో ఉత్తమ ఆటగాడి అవార్డు) గెలిచాడు. 2019 ఫిబ్రవరిలో ఫుట్‌బాలే అని తేల్చేశాడు. అప్పటికి చేతికొచ్చిన 15 లక్షల్లో 12.9 లక్షలు తిరిగిచ్చాడు, రావాల్సిన 31.6 లక్షలు వదులుకున్నాడు. ఏప్రిల్లో ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో అరిజోనా కార్డినల్స్ మొదటి ఎంపిక, 3.5 కోట్ల గ్యారంటీ ఒప్పందం. ఏస్‌కి మాత్రం బదులు ఎంపిక కూడా దక్కలేదు.

అందుకే ఇప్పుడు టీములు రెండాటల కుర్రాళ్ల కాంట్రాక్టు జాగ్రత్తగా రాస్తాయి. మామూలు బేస్‌బాల్ కాంట్రాక్టులో ఫుట్‌బాల్ లాంటి ఆటలు ఆడకూడదనే ఉంటుంది. అనుమతి కావాలంటే విడిగా రాయించుకోవాలి. "మాట ఇచ్చారు" అంటే కుదరదు.

అలెన్_అమ్మ
మర్రీ మా ఊరి స్కూలే 🙂 అలెన్ హైస్కూల్లో మొదలుపెట్టిన 42 మ్యాచ్‌లూ గెలిచాడు. 2015లో హైస్కూల్ అయినప్పుడు తొలి రౌండ్లో పోతాడనుకుంటే తనే డ్రాఫ్ట్‌లోంచి పేరు తీయించుకుని టెక్సస్ ఏ అండ్ ఎం ఫుట్‌బాల్‌కి వెళ్లాడు. అక్కణ్నుంచి ఓక్లహోమాకి మారి, మూడేళ్ల తర్వాత మళ్లీ డ్రాఫ్ట్‌లోకి వచ్చినప్పుడు పై సంగతంతా జరిగింది.

విశాఖ77
@అలెన్_అమ్మ ఆరు కోట్ల డాలర్లు పెట్టి స్టేడియం కట్టి, రెండేళ్లకే బీటలు పడి మూసేసిన స్కూలు అదేగా?

అలెన్_అమ్మ
అదే. 2012లో తెరిచారు, 2014లో మూసి రిపేరు చేశారు. 18,000 సీట్లు. ఇప్పుడు బానే ఉంది, మా స్టేడియం మీద పడకండి.

డ్రాఫ్ట్_పిచ్చోడు
రెండు ఆటల మధ్య ఉన్న తేడా ఒకటి ఎవరూ రాయలేదు. మీవాడు ముందు బేస్‌బాల్‌కి సంతకం పెడితే కాలేజీ బేస్‌బాల్ శాశ్వతంగా పోతుంది, కాలేజీ ఫుట్‌బాల్ పోదు. ఒక ఆటలో ప్రొఫెషనల్ అయినా ఇంకో ఆటలో కాలేజీకి ఆడొచ్చు. క్రిస్ వీంకీని 1990లో బ్లూ జేస్ రెండో రౌండ్లో తీసుకుంది. మైనర్లలో ఆరేళ్లు ఆడి ఫ్లోరిడా స్టేట్‌కి వచ్చి 2000లో 28 ఏళ్ల వయసులో హైస్మన్ గెలిచాడు. బ్రాండన్ వీడెన్‌ని 2002లో యాంకీస్ రెండో రౌండ్లో తీసుకుంది. ఓక్లహోమా స్టేట్‌కి తిరిగొచ్చి 2012లో ఎన్‌ఎఫ్‌ఎల్ తొలి రౌండ్లో 22వ వాడిగా పోయాడు, అతనికీ అప్పుడు 28.

తిరగేసి చూడండి. ముందు ఫుట్‌బాల్‌కి వెళ్లినవాడు మూడేళ్లు బ్యాటింగ్ ప్రాక్టీసుకి దూరమైతే 21 ఏళ్లకి గంటకి 95 మైళ్ల బంతి చూసి కొట్టడం ఎక్కడ నేర్చుకుంటాడు? ఎన్‌ఎఫ్‌ఎల్ ఎలాగూ హైస్కూల్ అయిన మూడేళ్ల దాకా ఎవరినీ తీసుకోదు. హిట్టరైతే ముందు బేస్‌బాల్ వైపే నా ఓటు, బోనస్ సరిపోతే.

కర్వ్‌బాల్_కృష్ణ
ఒప్పుకోను. వీంకీ, వీడెన్ మినహాయింపులు. 24 ఏళ్లకి తిరిగొచ్చి క్వార్టర్‌బ్యాక్ సీటు దొరికించుకోవడం ఎంతమందికి సాధ్యం? ఓడిపోయినవాళ్ల పేర్లు మనకి గుర్తుండవు. బబ్బా స్టార్లింగ్‌ని చూడండి. నెబ్రాస్కా క్వార్టర్‌బ్యాక్ కావాల్సినవాడు. 2011లో రాయల్స్ 5వ ఎంపిక, 75 లక్షల డాలర్లు. మేజర్స్‌కి వచ్చింది 2019లో, 2022కల్లా ఆట మానేశాడు. ఎనిమిదేళ్లు మైనర్లలోనే.

డ్రాఫ్ట్_పిచ్చోడు
@కర్వ్‌బాల్_కృష్ణ మరి జో మావర్? 2001లో ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ ఆఫర్ వదులుకుని ట్విన్స్ మొదటి ఎంపికగా 51.5 లక్షలకి వెళ్లాడు, 2024లో హాల్ ఆఫ్ ఫేమ్. చాండ్లర్ కూడా 2025 ఆగస్టులో మేజర్స్‌కొచ్చాడు. ఇక స్టార్లింగ్‌కైనా 75 లక్షలు ముట్టాయి కదా, నెబ్రాస్కాలో ఆ రోజుల్లో ఏం ముట్టేది? స్కాలర్‌షిప్పు, ట్రాక్‌సూటు.

బఠాణీచాట్
ఇద్దరూ పేర్లు చెప్పుకుంటూ పోతే రేపటికి తేలదు. రెండు పడవల ప్రయాణం గురించి పెద్దలు ఊరికే చెప్పలేదు.

ట్యాక్సు_తాత
బోనస్ అంకె చూసి మురిసిపోకండి. 2025 లెక్కన 10 లక్షల డాలర్ల బోనస్, పెళ్లికాని కుర్రాడు, టెక్సస్ (రాష్ట్ర ఆదాయపన్ను లేదు) అనుకుందాం. ఫెడరల్ పన్ను సుమారు 3.2 లక్షలు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 33 వేల దగ్గర, సంతకం బోనస్ కూడా జీతం కిందే లెక్క. ఏజెంటు 5% తీసుకుంటే 50 వేలు, అది ఇప్పుడు పన్నులో తగ్గించుకోవడం కుదరదు. చేతికి మిగిలేది 6 లక్షలకి కొంచెం తక్కువ. కాలిఫోర్నియా నివాసి అయితే ఇంకా కోత.

దాని మీద మైనర్ లీగ్ జీతం. 2023 ఒప్పందం తర్వాత మెరుగే. ఆ ఏడాది కింది మెట్టు నుంచి పైకి చూస్తే: కాంప్లెక్స్ లీగ్ 19,800, లో-ఏ 26,200, హై-ఏ 27,300, డబుల్-ఏ 30,250, ట్రిపుల్-ఏ 35,800 డాలర్లు. అంతకుముందు లో-ఏ 11,000 ఉండేది. మేజర్స్‌కి చేరితే 2026లో కనీసం 7,80,000. కాబట్టి ఆ 6 లక్షలని ఐదారేళ్ల మీద పరిచి చూసుకోండి, కారు కొనేముందు.

ప్లేనో_పద్మ
అక్కగారి డిగ్రీ బెంగకి మందు కాంట్రాక్టులోనే ఉంది. కాలేజీ స్కాలర్‌షిప్ ప్లాన్ అని బేస్‌బాల్ టీమే తర్వాత చదువుకి డబ్బు కట్టేలా రాయించుకోవచ్చు. సెమిస్టరుకి ఎంత, ఎన్ని సెమిస్టర్లు అన్నది అంకెల్లో రాయించాలి. ఆట మానేసిన రెండేళ్లలోపు కాలేజీ మొదలుపెట్టకపోతే అది చెల్లదు, చాలామంది అక్కడే పోగొట్టుకుంటారు. ఆ డబ్బు మీద పన్ను కూడా పడుతుంది. ఖరీదైన ప్రైవేటు యూనివర్సిటీ ఫీజుని ఆధారం చేసుకుని బేరం మొదలుపెట్టండి, ఊళ్లో కాలేజీ ఫీజుతో కాదు.

సైలెంట్_రీడర్
మొదటిసారి రాస్తున్నా. మా ఇంట్లో గ్రీన్‌కార్డు రాలేదు, అబ్బాయి హెచ్4 (మా వర్క్ వీసా మీద ఆధారపడ్డ వీసా). వాడికీ ఇవే దారులుంటాయా?

కాంప్లయెన్స్_కమల
@సైలెంట్_రీడర్ డ్రాఫ్ట్‌కి పాస్‌పోర్టుతో పని లేదు. అమెరికా హైస్కూల్లో చదివితే డ్రాఫ్ట్ పరిధిలోకే వస్తాడు. కానీ ఆడి డబ్బు తీసుకోవాలంటే పని అనుమతి కావాలి, హెచ్4 మీద కుదరదు. టీములు విదేశీ ఆటగాళ్లకి పి-1 (ఆటగాళ్ల వీసా) తెప్పిస్తాయి, మైనర్ లీగ్ వాళ్లకి కూడా. సంతకానికి ముందే టీముతో మాట్లాడుకోవాలి. కాలేజీ వైపు ఇంకా ఇబ్బంది. హెచ్4, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు కానీ ఎన్‌ఐఎల్, స్కూలిచ్చే వాటా డబ్బు పని కింద పడే ప్రమాదముంది. కోచ్ "అందరూ తీసుకుంటున్నారు" అన్నా ఇమ్మిగ్రేషన్ లాయరు లేకుండా ముట్టుకోవద్దు. 21 నిండితే హెచ్4 పోతుందన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది.

సైలెంట్_రీడర్
🙏

కాంప్లయెన్స్_కమల
ఫ్రిస్కో_మామ గారూ, ఎటు వెళ్లినా చదువు అర్హత చెడగొట్టుకోవద్దు. డివిజన్ 1కి (కాలేజీ ఆటల పై స్థాయి) 16 కోర్ కోర్సులు (అర్హత లెక్కలోకొచ్చే ముఖ్య సబ్జెక్టులు), వాటిలో జీపీఏ 2.3. అందులో 10 కోర్సులు పన్నెండో క్లాసు మొదలయ్యేలోపే పూర్తవ్వాలి, ఆ పదిలో 7 ఇంగ్లిష్, లెక్కలు, సైన్సుల నుంచి. అలా పూర్తయిన పదింటికి తర్వాత మళ్లీ రాసి మార్కులు పెంచుకోవడం కుదరదు. స్కూల్లో ఇచ్చే ప్రతి క్లాసూ కోర్ కాదు, ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలు నడిపే సంస్థ) జాబితాలో మీ స్కూలు పేరు కింద ఉందో లేదో చూసుకోండి. శాట్ ఇప్పుడు అక్కర్లేదు.

ఏజెంటు విషయం: హైస్కూల్ కుర్రాడు డ్రాఫ్ట్ బేరానికి ఏజెంటుని పెట్టుకోవచ్చు. సంతకం పెట్టకుండా కాలేజీకి వెళ్తే మాత్రం ఆ ఒప్పందం రద్దు చేసుకోవాలి. ఉచితంగా విమానం టికెట్లు, బ్యాట్లు, గ్లవ్‌లు ఇస్తానంటే తీసుకోవద్దు. ఎన్‌ఐఎల్ ఏజెంటు వేరు, ఒకే కాగితం మీద రెండూ కలపనివ్వకండి. రూల్స్ ఏటా మారుతున్నాయి కాబట్టి ఏ సందేహమైనా ఆ కాలేజీ కాంప్లయెన్స్ (రూల్స్ చూసే) ఆఫీసుని ఈమెయిల్లోనే అడగండి, ఫోన్లో వద్దు.

కర్వ్‌బాల్_కృష్ణ
చెయ్యి సంగతి కూడా. శుక్రవారం క్వార్టర్‌బ్యాక్, వేసవంతా పిచింగ్ అంటే ఆ భుజానికి సెలవెప్పుడు? పిచ్ స్మార్ట్ (కుర్ర పిచర్ల చెయ్యి పాడవకుండా పెట్టిన సూచనలు) లెక్క ప్రకారం 17-18 ఏళ్లకి రోజుకి 105 బంతులే హద్దు, 80 దాటితే నాలుగు రోజుల విశ్రాంతి. ఫుట్‌బాల్ ప్రాక్టీసులో విసిరినవి ఆ లెక్కలోకి రావు, మోచేయి మాత్రం వాటినీ లెక్కేసుకుంటుంది. పిచింగ్ ఎలాగూ రెండో పని కాబట్టి ఆపేయించండి. స్కౌట్ వచ్చింది సెంటర్ ఫీల్డర్ కోసం.

డ్రాఫ్ట్_పిచ్చోడు
ఇక్కడ మాత్రం కృష్ణతో నూటికి నూరు ఏకీభవిస్తున్నా (తేదీ రాసిపెట్టుకోండి). దానికి తోడు డ్రాఫ్ట్‌కి ముందు లీగ్ జరిపే మెడికల్ పరీక్షలకి పిలిస్తే వెళ్లమనండి. టాప్ 300లో ఉండి పరీక్షలు చేయించుకున్నవాడిని ఎంచుకున్న టీము స్లాట్‌లో కనీసం 75% ఆఫర్ ఇచ్చి తీరాలి. తర్వాత ఎంఆర్ఐ చూపించి బేరం తగ్గించే ఆట ఆడలేదు.

ఫ్రిస్కో_మామ
అందరికీ థాంక్స్. రాత్రి అక్క, బావ, వాడు కూర్చుని ఇదంతా చదివారు. జనవరి వద్దు, ఆగస్టులో వస్తాడని కోచ్‌కి చెప్పాలనుకుంటున్నారు. అలా చెప్తే ఆఫర్ వెనక్కి తీసుకుంటాడా? నంబర్ ఎప్పుడు చెప్పాలి?

డ్రాఫ్ట్_పిచ్చోడు
తీసుకోవచ్చు. అప్పుడు ఇంకో స్కూలు చూసుకోవాలి, అందుకే ఇప్పుడే చెప్పండి. ఫుట్‌బాల్ సంతకాల గడువు డిసెంబర్ మొదటి బుధవారం నుంచి మొదలవుతుంది, నవంబర్లో చెప్తే ఇరుక్కుపోతారు.

నంబర్ ఇప్పుడే వద్దు. ఆఖరి సీజన్ మధ్యలో, ఏప్రిల్ తర్వాత, ఏజెంటు ద్వారా, అన్ని టీములకీ ఒకటే చెప్పాలి. ఆ అంకె కింద ఇంట్లో వేరే అంకె దాచుకోకండి. డ్రాఫ్ట్ రోజు ఫోన్ చేసి "స్లాట్‌కి ఇంత, ఒప్పుకుంటారా, రెండు నిమిషాల్లో చెప్పండి" అంటారు. అప్పుడు ఇంట్లో చర్చ పెడితే ఎంపిక ఇంకొకరికి పోతుంది. ట్యాక్సు_తాత లెక్క వేసి, కాలేజీ నాలుగేళ్లలో కచ్చితంగా వచ్చేదెంతో కలిపి, దాని పైన ఒక అంకె అనుకోండి. అంతకు తగ్గితే ఫుట్‌బాల్, అంతే.

ట్యాక్సు_తాత
లెక్క కావాలంటే మెసేజ్ పెట్టండి, వేసిస్తా. ఫీజు వద్దు, ఫిల్టర్ కాఫీ చాలు.

బఠాణీచాట్
ఆ రెండు నిమిషాల ఫోన్ మాత్రం బావగారి సెల్‌కే వస్తుంది. ఆరోజు నంబర్ ఇచ్చింది వృథా పోలేదన్నమాట.